పితృత్వ నిర్ణయము

తల్లి నిజము, తండ్రి నమ్మకము అని మనవారిలో నొక లోకోక్తి కలదు. తార్కికుల మాటలలో చెప్పవలెనన్న, మాతృత్వము ప్రత్యక్షప్రమాణముచేత తెలియును. పితృత్వమో, అనుమానముచేతను ఆప్తవాక్యముచేతను మాత్రమే తెలియును. ప్రసవమునకు మంత్రసాని సాక్షిగ నుండును; గర్భాధానమునకు సాక్షి లేడు. అయినను శిశువునకు ఇంటిపేరు, ఆస్తి, కులము, బడిలో చేర్చుకొనుటకు కావలసిన కాగితము, తుదకు చితికి నిప్పుపెట్టు నధికారము, ఇవన్నియు నీ నమ్మకముమీదనే కట్టబడియున్నవి. ఇంత బరువును ఇంత సన్నని స్తంభముపై నిలిపిన సంఘము, ఆ స్తంభమును కదల్చు నధికార మెవ్వరికి నియ్యవలెనో చక్కగ నాలోచించినట్లు కానరాదు. ఈ బిడ్డకు తండ్రి యెవడు అని అందఱు నడుగుదురు. ఆ ప్రశ్న వేయుట కర్హు డెవడు అని యడుగువారు తక్కువ. మే మిచ్చట విచారింపదలచిన దీ రెండవ ప్రశ్ననే.

2025వ సంవత్సరము జూలైలో హైదరాబాదు పోలీసులు వెల్లడించిన యొక యభియోగము మన పత్రికలలో చాలదినములు చర్చింపబడినది. సంతానము కోరి సికిందరాబాదులోని యొక చికిత్సాలయము నాశ్రయించిన దంపతులకు, మీ బిడ్డను అద్దెగర్భమున పెంచి యిచ్చెదమని చెప్పి, నెలలు నిండినపిమ్మట విశాఖపట్టణమున నొక మగశిశువును చేతికిచ్చిరనియు, అనుమానము తోచి డి.ఎన్.ఏ. పరీక్ష చేయింపగా నా శిశువునకు వారితో రక్తసంబంధము లేదని తేలెననియు, ఆ శిశువు డబ్బిచ్చి తెచ్చిన వేరొక పేదదంపతుల బిడ్డ యనియు పోలీసుల కథనము. నేర మెవ్వరిదో తేల్చవలసినది న్యాయస్థానము. దానిని గూర్చి మేము ముందుగ నొక మాట చెప్పము. కాని యీ వృత్తాంతమున నొక సంగతి గమనింపదగియున్నది. ఇచ్చట తండ్రి నమ్మకమే కాదు, తల్లి నిజమును గూడ కూలినది. పరీక్షాపత్రము ఈ బిడ్డ మీది కాదని చెప్పగలిగెను గాని, ఈ బిడ్డ రే పెవ్వరి యొడిలో నిదురించునో చెప్పజాలకపోయెను. విజ్ఞానశాస్త్ర మిచ్చు సమాధానమునకును ధర్మశాస్త్ర మియ్యవలసిన సమాధానమునకును నడుమ నున్న దూరము దీనివలన స్పష్టమగుచున్నది.

మన ప్రాచీన ధర్మశాస్త్రకారు లీ చిక్కు నెఱుగనివారు కారు. మనువు పండ్రెండు విధముల పుత్రులను లెక్కించెను. ఇంటిలో రహస్యముగ పుట్టి, ఎవనివలన కలిగెనో తెలియనివాడు గూఢోత్పన్నుడు. వాడా స్త్రీ భర్తకే పుత్రుడు. వివాహకాలమునకే తల్లి గర్భమున నున్నవాడు సహోఢుడు. వాడు ఆమెను పెండ్లాడినవానికి పుత్రుడు. కన్యకు పుట్టినవాడు కానీనుడు. వాడును ఆమెను పిమ్మట వివాహమాడినవానికే పుత్రుడు. ఎంతటి యౌదార్యమని సంతోషింపబోవు చదువరు లొక నిమిష మాగవలెను. ఏలయన, ఆ యధ్యాయముననే బీజక్షేత్ర వివాదము కలదు. ఒకని యావునకు వేరొకని యాబోతువలన కలిగిన దూడ ఆవుగలవానిదే యైనట్లు, పరుల పొలమున చల్లిన విత్తునకు వచ్చిన పంట పొలముగలవానిదే యైనట్లు, భార్యకు పుట్టిన బిడ్డ భర్తదే యని యచ్చటి వాదము. అనగా నా శిశువును కాపాడినది కరుణ కాదు, యాజమాన్యము. స్త్రీ పొలము, పురుషుడు పట్టాదారు, శిశువు ఫలసాయము. నియమము మంచిదే, దానికి చెప్పిన హేతువు మాత్రము మన మంగీకరింపదగినది కాదు.

నేటి మన చట్టము వేరొక దారిని వచ్చి యించుమించుగ నా చోటికే చేరినది. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టములోని 112వ విభాగము చాలకాలము దీనికి మూలాధారమై యుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున నదే నియమము 116వ విభాగముగ నిలిచినది. దాని సారాంశ మిది: చెల్లుబాటగు వివాహము సాగుచుండగా గాని, అది రద్దైన 280 దినములలోపల తల్లి మరల పెండ్లియాడక యుండగా గాని పుట్టిన శిశువు ఆ భర్త సంతానమే యనుటకు ఆ జననమే నిర్ణాయకమైన రుజువు. దీనిని త్రోసిపుచ్చుటకు చట్టము చూపిన మార్గ మొక్కటే: గర్భము నిలువదగిన కాలమున దంపతులు కలిసికొనుట కవకాశము లేకుండెనని చూపవలెను. కలిసికొనలేదని చెప్పిన చాలదు. అవకాశమే లేదని నిరూపింపవలెను.

ఈ నియమమునకు పుట్టినిల్లు ఇంగ్లండు. పూర్వ మచ్చట భర్త నాలుగు సముద్రముల నడుమ, అనగా రాజ్యపు టెల్లలలోపల, ఉన్నంతకాలము భార్యకు పుట్టిన బిడ్డ యాతనిదే యని యెంచెడివారు. 18వ శతాబ్దమున నా కాఠిన్యము సడలినది. కడలియొడ్డున నున్న విశాఖపట్టణపు పాఠకుల కీ సంగతి సులభముగ బోధపడును. 1933లో తెరువబడిన యా రేవునుండి ఓడలమీద పనికి పోవు కళాసీలు నెలలతరబడి యిల్లు విడిచియుందురు. ఓడ యెక్కిన తేదీయు దిగిన తేదీయు వారి పనిపుస్తకమున వ్రాయబడును. అట్టివాడు న్యాయస్థానమున నా పుస్తకము తెరచి, ఆ దినములలో నేను సముద్రముమీద నుంటినని చూపగలడు. అదే పట్టణమున ఉక్కు కర్మాగారమున పనిచేసి, గంట కాగానే ఉక్కునగరములోని తన యింటికి చేరువానికి చూపుట కేమియు లేదు. ఇరువురి సందేహమును ఒకటే, ఇరువురికిని చట్ట మొకటే. ఒకనికి తలుపు తెరచియుండును, వేరొకనికి మూసియుండును. ఈ నియమము సత్యము నన్వేషించుట కేర్పడినది కాదని దీనివలననే తెలియుచున్నది.

అట్లయిన నిది దేనికొఱ కేర్పడినది? ఇదియే మా విచారణకు కీలకము. భర్త యాజమాన్యమునకు, వంశగౌరవమునకు నేర్పడినదందుమా, అపు డా లాభమును వదలుకొను స్వాతంత్ర్య మాతనికే యుండును. నాకీ బిడ్డ వలదని యాతడన్న నడ్డుచెప్పుటకు హేతువు లేదు. శిశువు దిక్కులేనిదై పోకుండ కాపాడుట కేర్పడినదందుమా, అపు డా రక్షణమును వదలుకొనువాడు శిశువే కాని తండ్రి కాడు. తన పెరటికొఱకు కట్టుకొన్న గోడను యజమాని పడగొట్టుకొనవచ్చును. బాటసారులు వరదలో కొట్టుకొనిపోకుండ కట్టిన గట్టును, అది తన పొలము ప్రక్కన నున్నంతమాత్రమున, ఎవ్వడును త్రెంపరాదు. మనువునాటి హేతువును విడిచి శిశురక్షణమను హేతువును మనము స్వీకరించితిమేని, దాని ఫలితమునుగూడ స్వీకరింపవలెను. పితృత్వమను పెట్టెకు తాళపుచెవి శిశువు చేతిలో నుండవలెనే గాని, పెద్దల చేతులలో నుండరాదు.

ఇంతవరకు మేము వివాహమున పుట్టిన బిడ్డనుగూర్చి చెప్పితిమి. వివాహము వెలుపల పుట్టిన బిడ్డల సంగతి వేరు. వారికి చట్ట మే తండ్రిని ముందుగ చూపదు. నిరూపించు బరువంతయు తల్లిమీద పడును. నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వములోని శకుంతలోపాఖ్యాన మిట్టి వ్యాజ్యమే. కొడుకును చేతపట్టుకొని రాజసభకు వచ్చిన స్త్రీని చూచి, నీ వెవ్వతెవో నే నెఱుగనని దుష్యంతుడు పలికెను. ఆమెకు సాక్షి లేడు, పత్రము లేదు. తుదకు ఆకాశవాణి పలికి, వీడు నీ కొడుకు, వీనిని భరింపుమని యాజ్ఞాపింపగా రా జంగీకరించెను. ఆ భరణమునుండియే భరతుడను పేరు వచ్చినది. తనకు తెలిసినదే యైనను లోకము నమ్మదని సంకోచించితి నని యాతడు పిమ్మట చెప్పుకొనెను. తెలిసియు సభలో బొంకిన పురుషు డొక్క దుష్యంతుడే కాడు. ఆకాశవాణి మాత్రము వేల సంవత్సరములవరకు మరియొక శకుంతలకు పలుకలేదు.

మన కాలమున నది ప్రయోగశాలనుండి పలికినది. అంతకుముందు రక్తవర్గముల పరీక్ష కలదు గాని, అది ఈతడు తండ్రి కాడని కొన్నియెడల చెప్పగలదే గాని ఈతడే తండ్రి యని చెప్పజాలదు. చెప్పినను వినువారు కావలెను. 1945లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, రక్తపరీక్ష కాదని చెప్పుచున్నను, చలనచిత్రనటుడగు చార్లీ చాప్లిన్‌ను ఒక బిడ్డకు తండ్రిగ జ్యూరీ నిర్ణయించినది. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ముద్రలను కనిపెట్టిన పిమ్మట నీ సందిగ్ధత తొలగినది. ఆ విద్యను మన దేశమున న్యాయస్థానమునకు తెచ్చినది మన హైదరాబాదే యనుట మన కభిమానకారణము. కేరళములోని తలస్సేరిలో నొక తల్లి తన బిడ్డకు భరణము కోరగా, ఆ పురుషుడు తండ్రిని కానని బొంకెను. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో లాల్జీ సింగ్ గారు చేసిన పరీక్ష యాతడే తండ్రి యని తేల్చినది. అట్టి సాక్ష్యమును మన దేశపు న్యాయస్థానము మొదటిసారిగ నంగీకరించిన దా వ్యాజ్యముననే. 1991లో కేరళ హైకోర్టు దానిని స్థిరపరచినది. శకుంతలవంటి యొక నిరుపేదరాలికి చేయూత నిచ్చినదగుటచేత నా విజ్ఞానము వందనీయము.

కాని కత్తి యొకటియైనను పట్టుకొన్నచేతినిబట్టి దాని పని మాఱును. తల్లి చేత నుండి బిడ్డకు భరణము సంపాదించిన యీ పరీక్షయే, కలహించిన భర్త చేత నుండి బిడ్డ భరణమును త్రెంచు సాధనమైనది. 2014 జనవరిలో సుప్రీంకోర్టు, శాస్త్రపరీక్షవలన తేలిన నిజమునకును చట్టపు టూహకును విరోధము కలిగిన నిజమే నిలువవలెనని, తనకు పుట్టని బిడ్డకు తండ్రిగ నుండుమని పురుషుని నిర్బంధింపరాదని తీర్పు చెప్పినది. 2023 ఫిబ్రవరిలో నదే న్యాయస్థానము, దంపతుల తగవులో శిశువును పావుగ వాడుకొనరాదనియు, భార్య తప్పును నిరూపించుటకు మామూలుగ బిడ్డకు పరీక్ష చేయింపరాదనియు చెప్పినది. మొదటి తీర్పు పురుషుని ముఖము చూచి చెప్పినది. రెండవది శిశువు ముఖము చూచి చెప్పినది. రెండింటియందును న్యాయ మున్నమాట నిజము. ఐనను ఇవి కలిసి నడువవలెనన్న నొక నియమము కావలెను.

ఇచ్చట కొంద రిట్లనవచ్చును: "భార్యచేత వంచింపబడిన వాని గతి యేమి? పరుని బిడ్డను జీవితాంతము మోయుమని యాతని తలపై పెట్టుట ధర్మమా?" ఈ యాక్షేపణము తేలికగ త్రోసివేయదగినది కాదు. వంచన వంచనయే, వంచింపబడినవాని బాధ నిజమైన బాధయే. కాని వంచించినవారెవరు? భార్య వంచించినదేని విడాకుల చట్టము తెరచియున్నది. ఆమె పరీక్షకు నిరాకరించినచో దాని నామెకు ప్రతికూలముగ నెంచవచ్చునని 2014 అక్టోబరులో సుప్రీంకోర్టే చెప్పినది. శిశువు వంచింపలేదు. వాడే యొడంబడికయు వ్రాసి యియ్యలేదు. పదియేండ్లు నాన్నా యని పిలిచినవానికి, ఒకనాటి ప్రొద్దున నొక కాగితము వచ్చినంతమాత్రమున ఆ పిలుపు చెల్లదని చెప్పుట, తల్లి చేసిన యప్పునకు బిడ్డను జప్తు చేయుటయే యగును.

పరదేశముల చట్టము లీ రెండు బాధలను తూచి మధ్యమార్గమును కనుగొన్నవి. ఫ్రాన్సు దేశమున, జననపత్రమున వ్రాయబడినవాడు అయిదేండ్లపాటు నిజముగ తండ్రివలె ప్రవర్తించిన పిమ్మట, ఆ పితృత్వమును సామాన్యముగ నెవ్వరును కదల్పజాలరు. జర్మనీలో సందేహహేతువు తెలిసిన రెండేండ్లలోపల ప్రశ్నింపవలెను. మన సాక్ష్యచట్టమున నిట్టి గడువు లేదు. సందేహించువాడు శిశువు మాటలు నేర్వకముందే సందేహింపవలెను; ఆతని భుజముపై పెరిగిన బాలుని పిమ్మట దింపివేయరాదు. ఇట్టి గడువును శాసనమున చేర్చుట మన చట్టసభలకు తగినపని యని మా యభిప్రాయము.

ఇక శిశువే పెరిగి వచ్చి ప్రశ్నించినపు డేమి చేయవలెను? దీనికి మన రాష్ట్ర చరిత్రలోనే యొక ప్రసిద్ధమైన దృష్టాంతము కలదు. నారాయణ్ దత్ తివారీ గారు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగ నున్న కాలమున, 2008లో, ఒక యువకుడు ఆయన తన తండ్రి యని ప్రకటింపవలెనని ఢిల్లీ హైకోర్టులో దావా వేసెను. ఆ యువకుడు పుట్టునాటి కాతని తల్లికి వేరొకరితో వివాహసంబంధ ముండెను. చట్టపు టూహ యాతని కెదురుగ నిలిచినది. అయినను 2010 డిసెంబరులో హైకోర్టు పరీక్ష కాజ్ఞాపించినది. చాలకాలము నిరాకరించి, 2012 మే నెలలో ఆయన రక్తమిచ్చిరి. హైదరాబాదులోని ప్రయోగశాల పరీక్షించిన ఫలితము 2012 జూలై 27న తెరువబడి, యువకుని మాటయే నిజమని తేలినది. దీనికి భిన్నముగ, 2025 జనవరిలో కేరళమునుండి వచ్చిన యొక వ్యాజ్యమున, తల్లికి భర్త యుండగా వేరొకరు తన తండ్రి యని చెప్పుకొన్న యువకుని కోరికను సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. సక్రమసంతానమని నిర్ణయమైనచో పితృత్వమును నిర్ణయమైనట్లే యనియు, ఆరోపింపబడిన పురుషుని మర్యాదయు ఆంతరంగిక జీవితమును గూడ రక్షింపవలసినవే యనియు న్యాయమూర్తుల హేతువు.

ఆ హేతువును మేము గౌరవింతుము. ఎవ్వడో వచ్చి తండ్రీ యని పిలిచినంతమాత్రమున గృహస్థులందఱును రక్తమిచ్చుచు తిరుగవలసిన పని లేదు. తగిన ప్రాథమిక సాక్ష్యము లేక పరీక్ష యుండరాదు. కాని యిచ్చట రెండు కోరికలు ఒకటిగ కలిసిపోయినవి. తన పుట్టుక తెలిసికొనవలె ననుట యొకటి. చట్టపు తండ్రిని మార్పవలె ననుట వేరొకటి. రెండవదానికి వేలమంది వారసుల హక్కులు ముడిపడియున్నవి గనుక కోర్టులు జంకుట సహజము. మొదటిది పెరిగిన మనుష్యుడు తన్నుగూర్చి తాను తెలిసికొను జ్ఞానము. దానిని నిరాకరించుటకు పరుల పరువు చాలిన హేతువు కాదు. ఈ రెంటిని వేరుచేసినచో పెక్కు చిక్కులు విడిపోవును.

కనినవాడు వేరు, భరించినవాడు వేరు అయినపుడు పేరెవ్వరిది? ఈ ప్రశ్నయు మన తెలుగునాటినుండియే సుప్రీంకోర్టునకు పోయినది. భర్త చనిపోయిన పిమ్మట మరల వివాహమాడిన యొక తల్లి, తన పసిబిడ్డకు రెండవ భర్త యింటిపేరు పెట్టినది. బిడ్డ తాత నానమ్మలు వ్యాజ్యమాడగా, పాత యింటిపేరునే యుంచవలెననియు, రెండవ భర్తను కాగితములలో సవతితండ్రియని వ్రాయవలెననియు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పినది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, అట్లు వ్రాయుట బిడ్డ మనస్సునకు క్రూరమగుననియు, ఇంటిపేరు నిర్ణయించు హక్కు తల్లికి కలదనియు తీర్పు చెప్పినది. వితంతువునకు పునర్వివాహ మిప్పించుటకు మన పూర్వసంస్కర్తలు పాటుపడిరి. ఆమె బిడ్డకు పునఃపితృత్వ మిప్పించు పని యిట్లు 2022 వరకు మిగిలియుండెను. తండ్రి పేరే లేని బిడ్డలకు గూడ ద్వారము కొంత తెరువబడినది. అవివాహిత తండ్రిపేరు చెప్పనక్కఱలేకయే సంరక్షకత్వము పొందవచ్చునని, ఆమె ప్రమాణపత్రముతోనే జననపత్ర మియ్యవలెనని 2015లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. సత్యకాముడు గోత్ర మడిగిన గురువునకు తల్లిపేరు చెప్పి శిష్యుడైన దేశమున నిది క్రొత్త ధర్మమని చెప్పుటకు వీలులేదు. మఱచిన ధర్మ మనదగును.

ఇప్పుడు విశాఖపట్టణమున చేతులు మాఱిన యా శిశువు సంగతి చూతము. 2021వ సంవత్సరపు అద్దెగర్భ నియంత్రణచట్టము డబ్బుకొఱకు గర్భము నద్దెకిచ్చుటను నిషేధించినది. సక్రమముగ జరిగిన యద్దెగర్భమున పుట్టిన శిశువు, కోరిన దంపతులకు కన్నబిడ్డయే యని యా చట్టము భావించును. అట్టి బిడ్డ నే హేతువుచేతను విడిచిపెట్టరాదని గూడ శాసించును. అనగా సంకల్పమే యచ్చట పితృత్వము. ఈ యభియోగము నిజమైనచో, మోసపోయిన దంపతులను బిడ్డ నుంచుకొనుడని యెవ్వరును నిర్బంధింపజాలరు. వారి సంకల్పమే దొంగిలింపబడినది. కన్నవారు విక్రయించియుండినచో వారికే తిరిగి యిచ్చుటకును మనసొప్పదు. అట్టి బిడ్డకు రాజ్యమే తండ్రి కావలెను. ఆలస్యములేక తగిన దత్తత నేర్పఱుపవలెను. దోషులను శిక్షించు వ్యాజ్యము పదియేండ్లు సాగిన సాగవచ్చును. బిడ్డ బాల్య మా పదియేండ్లలోనే ముగియును. తీర్పు వచ్చువరకు బాల్యము వాయిదా వేయబడదు.

మేము చెప్పదలచినది సంగ్రహముగ మూడు మాటలు. భరించుటకు బద్ధుడైనవాడు తన సందేహమును స్వల్పమగు గడువులోపల తెలుపవలెను. పిమ్మట నోరు మూసికొనవలెను. పెరిగిన బిడ్డ తన పుట్టుక నడిగిన, తగిన యాధారమున్నచో రాజ్య మాతనికి నిజము చెప్పవలెను. పెద్దల తగవులో బిడ్డ రక్తమును సాక్షిగ పిలువరాదు. వకీళ్లు, మేజిస్ట్రేటులు, బడిపంతుళ్లు, జననపత్రములు వ్రాయు గుమాస్తాలు ప్రతిదినము నీ ప్రశ్నను చేతులలో పట్టుకొనుచునే యున్నారు. తండ్రిపేరు వ్రాయవలసిన గడి ఖాళీగ నున్న కాగితము వారి యెదుటికి వచ్చినపుడు, కాగితముకంటె ముందు దానిని తెచ్చిన బిడ్డ ముఖమును చూడుడని మా ప్రార్థనము.